నెత్తురు మనది, లెక్క వాళ్లది

ప్రతిభ అనే మాట వినకుండా పెద్ద చదువు చదివిన దళిత విద్యార్థి లేడు. సీటు అడిగితే ప్రతిభ. ప్రొఫెసర్ పోస్టు అడిగితే ప్రతిభ. ఆ ప్రతిభను తూచే తక్కెడ ఎట్లాంటిదో చూద్దాం. జీవశాస్త్రాన్నే తీసుకుందాం. ఎందుకంటే ఆ తక్కెడలో మన నెత్తురు కూడా ఉంది.

జీవకణం లోపల ఏం జరుగుతుందో వెతికే శాస్త్రవేత్తలు తమకు తేలిన సంగతిని జర్నల్లో పేపరుగా అచ్చేస్తారు. ఇంకొకరు తమ పేపర్లో దాన్ని ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సైటేషన్లతో మనిషిని కొలిచే పద్ధతి ఒకటి చెప్పాడు. కనీసం ఇరవై సైటేషన్లు వచ్చిన పేపర్లు ఇరవై ఉంటే హెచ్ ఇండెక్స్ 20. ఉద్యోగానికీ, ప్రమోషన్‌కూ, పరిశోధన నిధులకూ ఇట్లాంటి అంకెలే అడుగుతున్నారు.

ఈ అంకె ఏం చెబుతుంది? ఎంతమంది ప్రస్తావించారో చెబుతుంది. పని ఎవరికి అక్కరకొచ్చిందో చెప్పదు. క్యాన్సర్ కణం మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతా వేలమంది. ఒకరి పేరు ఒకరు రాసుకుంటారు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్లు మన ఎముకల్లోని కణాన్ని ఏం చేస్తున్నాయో ఒకరు వెతికారనుకోండి, ఆ పేపరు చదివేవాళ్లు కొద్దిమంది. పని చిన్నదా? కాదు, చదివే గుంపు చిన్నది.

ఇంకో సంగతి. ఈ లెక్కలో పేపరు రాసినవాళ్లకే గడి ఉంది. శరీరం ఇచ్చినవాళ్లకు లేదు. హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి అమెరికాలో పొగాకు చేలల్లో పనిచేసి బతికింది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఆమె క్యాన్సర్ గడ్డలోంచి ఆమెను అడక్కుండానే కణాలు తీశారు. అదే ఏడు, 31 ఏళ్లకే, ఆమె చనిపోయింది. ఆ కణాలు మాత్రం ప్రయోగశాలల్లో ఇవాళ్టికీ పెరుగుతున్నాయి. వాటి మీద లక్షకు పైగా పేపర్లు అచ్చయ్యాయి. ఎన్ని హెచ్ ఇండెక్సులు పెరిగాయో! ఆమె పిల్లలకు ఈ సంగతి 1973 దాకా తెలియదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ మీద కుటుంబం దావా వేస్తే 2023లో రాజీ కుదిరింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

మన దగ్గరికి వద్దాం. 2009లో నేచర్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లూ, అమెరికా శాస్త్రవేత్తలూ కలిసి రాశారు. దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏ చూశారు. అందులో మాల, మాదిగ, చెంచు, వెలమ, వైశ్య ఉన్నారు. 2013లో ఇంకో పేపరు వచ్చింది. దాని ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయారు. ఆ తర్వాతే కులం బయట పెళ్లిళ్లు ఆగి, ఎవరి గోడల మధ్య వాళ్లు ఉండిపోయారు.

అంటే ఏమిటి? కులం ఆది నుంచీ లేదు. గోడలు తర్వాత కట్టినవే. కట్టినవాటిని కూలగొట్టొచ్చు. ఇంతకన్నా మనకు పనికొచ్చే సంగతి ఏముంది? ఆ పేపర్లకు వందల కొద్దీ సైటేషన్లు వచ్చాయి. కానీ నెత్తురిచ్చిన మాలపల్లెకూ, మాదిగ గూడేనికీ ఎవరొచ్చి తెలుగులో చెప్పారు? ఏ హెచ్ ఇండెక్సులోనూ దానికి మార్కు లేదు.

మన నెత్తురు లోపలికి పోతుంది. మన పిల్లలు పోవాలంటే గేటు పడుతుంది. 2019లో కేంద్రం చేసిన అధ్యాపక రిజర్వేషన్ చట్టం, షెడ్యూల్లో పెట్టిన కొన్ని సంస్థలకు వర్తించదు. వాటిలో టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, మనేసర్ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఉన్నత ప్రమాణాల పేరు చెప్పి మినహాయించారు. ప్రమాణమంటే ఈ సైటేషన్లేనా?

ఈ తక్కెడ తప్పని చెప్పింది మేమొక్కరమే కాదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా కణ జీవశాస్త్రవేత్తల సంఘం సభలు జరిగినప్పుడు, కొందరు సంపాదకులూ ప్రచురణకర్తలూ కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు. జర్నల్ అంకె చూసి మనిషికి ఉద్యోగం, ప్రమోషన్ ఇవ్వొద్దు, పనిని చదివి చూడండి అన్నారు. అక్కడి శాస్త్రవేత్తలు అంటే సంస్కరణ, మనం అంటే ప్రతిభ లేనివాళ్ల ఏడుపా?

అంకెలన్నీ తగలబెట్టమని మేం అనడం లేదు. మేం అడిగేది మూడే. పరిశోధన సంస్థల అధ్యాపక పోస్టులకు రిజర్వేషన్ మినహాయింపు ఎత్తెయ్యాలి. శాస్త్రవేత్తను తూచేటప్పుడు సైటేషన్లతో పాటు ఆ పని ఎవరికి పనికొచ్చిందో చూడాలి. నెత్తురు తీసుకున్న వాడకు తిరిగొచ్చి, తేలిన సంగతి తెలుగులో చెప్పాలి.

సంఘాల మిత్రులారా! ఇకమీద సూది పట్టుకుని ఎవరొచ్చినా, చెయ్యి చాచేముందు అడగండి: మా సంగతి మాకెప్పుడు చెబుతారు?