జాషువాకు వచ్చిన ఉత్తరాలెక్కడ?

సెప్టెంబరు 28 రాగానే జాషువా విగ్రహాలకు పూలమాలలు పడతాయి. మైకుల్లో 'గబ్బిలం' పద్యాలు మారుమోగుతాయి. వక్తలు ఆయన బిరుదులను వరుసగా ఏకరువు పెడతారు. ఒక్క ప్రశ్న మాత్రం ఏ సభలోనూ వినపడదు. ముదిమిలో ఆ కవి గడప తొక్కినవారెవరు? ఆయనకు ఉత్తరం రాసినవారెవరు? ఆయన పక్కన విస్తరి వేసుకుని కూర్చున్నవారెవరు?

ఇది ఆయన సొంత విషయమని తీసిపారేయడానికి వీల్లేదు. గడచిన శతాబ్దంలో తెలుగు సాహిత్య స్నేహాలు గురువుగారి అరుగు మీద, సభావేదిక మీద, ఉత్తరాల రాకపోకల మీద బతికాయి. అరుగుకూ వేదికకూ కులం కాపలా ఉండేది. ఆ రెండింటి దగ్గరా మొదలు కాని స్నేహం ఉత్తరం దాకా రావడం అరుదు.

1895లో వినుకొండలో పుట్టిన జాషువాకు జూపూడి హనుమచ్ఛాస్త్రి మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. అదే వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, ఇతణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు జాషువాను అవమానించారు. ఆయనకు తోడుగా నిలిచిన శాస్త్రిగారినీ వేధించారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కులం వెలివేసిన వాణ్ణే గాక, వెలిని మీరి చేయి చాచిన వాణ్ణి కూడా శిక్షిస్తుంది. అందువల్లనే అటువంటి స్నేహాలు తక్కువ. ఉన్నవాటికి సాక్ష్యాలు మరీ తక్కువ.

మేఘసందేశం చదువుకున్న ఆ శిష్యుడే 1941లో 'గబ్బిలం' వెలువరించాడు. కాళిదాసు యక్షుడికి కబురు మోయడానికి మేఘం దొరికింది. జాషువా కథానాయకుడి కబురు కాశీ విశ్వనాథుడికి చేరాలి; కానీ అతనికి గుడి వాకిలి మూసి ఉంది. మనిషికి ప్రవేశం లేని చోట గబ్బిలానికి ఉంది. కనుక దానినే దూతగా పంపాడు. తన కబురు మోసే తోటి మనిషి దొరకనివాడి ఉత్తరం అది. ఆ కావ్యాన్ని కరుణరసం కోసం మెచ్చుకునేవారు ఈ మాటను సాధారణంగా దాటవేస్తారు.

చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. అది గొప్ప సన్నివేశమే. దానిని తక్కువ చేయనక్కర లేదు. అయితే సత్కారం ఒక్కనాటి ఉత్సవం, స్నేహం నిత్య వ్యవహారం. మన సమాజం జాషువాకు మొదటిది ఇవ్వడానికి చూపిన ఉత్సాహం రెండోదాని విషయంలో చూపలేదు. 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ బహుమతి, శాసనమండలి సభ్యత్వం 1964లో వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు సమీపించాయి. పద్మభూషణ్ 1970లో వచ్చింది. 1971 జులై 24న ఆయన కన్నుమూశారు.

కుమార్తె హేమలత నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని వివాహమాడడంతో, కులం అడగని ఒక ఇంటితో ఆయనకు బంధుత్వం కలిసింది. తండ్రి జ్ఞాపకాలను ఆమె 'మా నాన్నగారు'లో అక్షరబద్ధం చేశారు. ఆయన ఆత్మకథను 'నా కథ'గా పద్యాల్లో తానే చెప్పుకున్నారు. అంటే కవి ఆంతరంగిక జీవితం గురించి చెప్పవలసిన బరువు చాలావరకు ఆయన మీదా, ఆయన బిడ్డ మీదా పడింది.

గురజాడ లేఖలు, దినచర్యలు అచ్చయ్యాయి. చింతా దీక్షితులుకు చలం రాసిన లేఖలు పుస్తకంగా వచ్చాయి. రావలసిందే. కానీ ఉత్తరం నిలవాలంటే కురవని పైకప్పు, భోషాణం, చదువుకున్న వారసులు, అడిగి వచ్చే సంపాదకుడు ఉండాలి. ఈ నాలుగూ కులాన్ని బట్టి పంచబడిన ఆస్తులే.

కొన్నేళ్ల క్రితం నా పరిశోధక విద్యార్థి ఒకరు, కాలం చేసిన ఒక దళిత కవి ఇంటికి వెళ్లాడు. రేకుపెట్టెలోని ఉత్తరాలు వానకు తడిసి ముద్దయితే, ఆరబెట్టి పొయ్యిలో వేశానని ఆ కవి భార్య చెప్పిందట. ''వాటికోసం ఎవరన్నా వస్తారని మాకేం తెలుసు నాయనా?'' అన్నదట. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ ఊరు మా విశ్వవిద్యాలయానికి దూరమేమీ కాదు. ఆ కవి పద్యాలను నేనే ఏళ్ల తరబడి తరగతిలో పాఠం చెప్పాను. ఆ గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు.

కవిత్వం ఉండగా ఉత్తరాలెందుకు, పాత గాయాలు కెలకడమెందుకు అనేవారున్నారు. ఉత్తరాలు లేకపోతే సాహిత్య చరిత్ర సభల ఫొటోలతో తయారవుతుంది. ఫొటోలో అందరూ పక్కపక్కనే కనిపిస్తారు. భోజనాల వేళకు ఎవరు లేచి వెళ్లారో కనిపించదు. పైగా ఉత్తరాలు అవమానాలను మాత్రమే దాచుకోవు. హనుమచ్ఛాస్త్రి వంటివారు చెల్లించిన మూల్యానికీ అవే సాక్ష్యం.

1985 కారంచేడు తర్వాత కలం పట్టిన తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. వారి ఇళ్లలో పోస్టుకార్డులు, ఇన్‌లాండు లెటర్లు, చిన్న పత్రికల సంపాదకుల జవాబులు ఇంకా మిగిలి ఉండవచ్చు. ప్రతి విశ్వవిద్యాలయ తెలుగు శాఖ తన చుట్టుపక్కల జిల్లాల బాధ్యత తీసుకోవాలి. కుటుంబాల అనుమతితో వాటిని స్కాన్ చేసి, అసలు ప్రతులను వారికే తిరిగి ఇవ్వాలి. ఏవి బయటపెట్టాలో, ఏవి వద్దో నిర్ణయించే హక్కు ఆ కుటుంబాలదే. దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక స్కానరు, ఇద్దరు విద్యార్థులు, వాడ దాకా నడిచే అధ్యాపకుడు చాలు.

వచ్చే జయంతినాడు జాషువా విగ్రహానికి దండ వేద్దాం. అంతకన్నా ముందు, మన ఊళ్లో బతికున్న ఒక వృద్ధ కవి ఇంటికి వెళ్లి, ''మీ ఉత్తరాలు చూపిస్తారా?'' అని అడుగుదాం.