స్టార్టరు పెట్టెలోని మీటరును తనిఖీ చేయునదెవరు?

(ఒక వ్యవసాయాధికారి, విద్యానగర్, హైదరాబాదు)

ధాన్యము తూచువేళ రైతు కాటాపై ముద్ర ఉన్నదా లేదా అని చూచును. లేనిచో నిలదీయును. 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారము తూకపు రాళ్లను 24 మాసములకు, ఎలక్ట్రానిక్ కాటాలను 12 మాసములకు ఒకసారి తిరిగి పరీక్షింపించి ముద్ర వేయించవలెను. అదే రైతు బోరు వద్ద స్టార్టరు పెట్టెకు బిగించిన వోల్టుమీటరును, ఆంపియరు మీటరును మాత్రము బిగించిన నాటి నుండి ఎవరును పరీక్షింపరు. తెలంగాణలో వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితమైనందున చాలా బోర్ల వద్ద బిల్లు మీటరు కూడ ఉండదు. రైతుకు దిక్కు ఆ రెండు ముండ్లే.

ఆ ముల్లు అబద్ధము చెప్పినచో నష్టమెంత? 415 వోల్టులు రావలసినచోట 350 వచ్చినచో మోటారు త్రిప్పగల బలము సుమారు 71 శాతమునకు పడిపోవును. అదే నీటిని ఎత్తుటకు మోటారు ఎక్కువ కరెంటు లాగును, వైండింగు వేడెక్కును. మీటరు 380 చూపుచున్నచో రైతు నిశ్చింతగా మోటారు వేయును. తరువాత కాలిన మోటారును పైకి లాగించి వైండింగు చేయించునంతలో పొట్టమీదనున్న వరి ఎండును.

క్రొత్త మీటరులోను కొంత తేడా ఉండుననుట పలువురికి తెలియదు. ముఖముపై 2.5 అని చిన్న అంకె ఉన్నచో, తేడా పూర్తి స్కేలులో 2.5 శాతము వరకు ఉండవచ్చునని అర్థము. 30 ఆంపియర్ల స్కేలులో అది ముప్పాతిక ఆంపియరు. 5 హెచ్.పి. మోటారు లాగునది సుమారు 7.5 ఆంపియర్లు, అనగా పదింట ఒక వంతు తేడా! ఈ మోటారుకు 15 ఆంపియర్ల స్కేలు గల మీటరు మేలు. అమ్మువారు పెద్ద స్కేలు గలదానినే గొప్పగా చూపుదురు. పైగా దుమ్ము, అదురు, కందిరీగ గూళ్లు ఏండ్ల తరబడి చేయు పని వేరు.

కరెంటు లేనప్పుడు ముల్లు సున్నపై నిలువవలెను. ఇది రైతే చూచుకొనవచ్చును. తక్కినది వైర్‌మన్ పని, 415 వోల్టులతో చెలగాటము వలదు. క్లాంపు మీటరు దవడలో ఒకే తీగను పది చుట్లు చుట్టినచో పది రెట్లు చూపవలెను. మంచి మోటారు మూడు తీగలను కలిపి పట్టినచో దాదాపు సున్న చూపవలెను. మెగ్గరు కొనలు కలిపినప్పుడు సున్న, విడదీసినప్పుడు అనంతము చూపినంత మాత్రమున నమ్మరాదు. అవి స్కేలు రెండు చివరలే, మనకు కావలసిన 1 మెగోము గుర్తు నడుమ ఉన్నది. రెండు మీటర్లు ఏకీభవించినను రెండును ఒకే వైపు తప్పియుండవచ్చును.

కావున పరీక్షాశాలలో సరిచూచిన మీటరు ఒకటి అందుబాటులో ఉండవలెను. హైదరాబాదులో ఈసీఐఎల్ ప్రాంతమందలి ఎలక్ట్రానిక్స్ టెస్ట్ అండ్ డెవలప్‌మెంట్ సెంటరు వంటి పరీక్షాశాలలు ఈ పని చేయుచున్నవి. ప్రతి రైతు ఆ పెట్టెను అంత దూరము మోయనక్కరలేదు. ప్రతి రైతు వేదికకు ఒక్క క్లాంపు మీటరు నిచ్చి, దానిని ఏటేట పరీక్షకు పంపినచో, ఊరి మీటర్లన్నిటిని దానితో పోల్చవచ్చును. మట్టి నమూనాలకు సంచులిచ్చు శాఖకు ఇది మించిన ఖర్చు కాదని నా అభిప్రాయము. యాసంగి నాట్లకు ముందు ఒక దినము నిర్ణయించి, వైర్‌మన్‌ను పిలిపించు పని గ్రామాధికారులు చేయగలరు.