ఫోన్‌కి ట్వీ వచ్చు, మరి మనకి?

కొత్త ఫోన్ లాంచ్ అయితే స్పెక్స్ షీట్‌లో ఒక లైన్ గ్యారంటీగా ఉంటోంది: ఇన్ని భాషల్లో ఏఐ ట్రాన్స్‌లేషన్ అని. రివ్యూల్లో మనమూ ఆ అంకెనే ఎత్తి రాసేస్తున్నాం. నా మటుకు నాకు అది పాత మెగాపిక్సెల్ లెక్కలాంటిదే. అంకె పెద్దదైతే ఫోటో బాగొస్తుందని ఏముంది?

తిరుపతిలో నా రూమ్‌మేట్‌ది ఘనా దేశం, కుమాసి ఊరు. రోజూ రాత్రి వాళ్లమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఆమెకి ఇంగ్లీష్ అంతంత మాత్రమే, మాట్లాడేది ట్వీ. మొన్న వీడికి జ్వరమొచ్చి రెండ్రోజులు లేవలేదు. ఫోన్ నేను ఎత్తాను. కొడుకు ఎట్లున్నాడని అడుగుతోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది, కానీ చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ట్వీ నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నా.

ముందు గాడ్జెట్ల సంగతి. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో వచ్చిన లైవ్ ట్రాన్స్‌లేట్‌లో 13 భాషలుండేవి. హిందీ ఉంది, తెలుగు లేదు, ట్వీ లేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2022 మేలో 24 కొత్త భాషలు కలిపింది. సంస్కృతం, కొంకణి, మైథిలితో పాటు ట్వీ కూడా ఆ బ్యాచే. కాకపోతే అప్పుడు ఇచ్చింది టెక్స్ట్ ఒక్కటే. అసలు చిక్కు కూడా అక్కడే.

ఎందుకంటే ట్వీ స్పెల్లింగ్ చూసి చదివితే బోల్తా పడతాం. భాష పేరే వాళ్ల నోట 'చ్వీ' అని వస్తుంది. కె, వై కలిపి రాస్తే 'చ'. జి, వై కలిపితే 'జ'. హెచ్, వై కలిపితే 'ష'. పైగా ఇది స్వరస్థాయి ఉన్న భాష. 'పాపా' అనే మాటనే చూడండి. రెండు అక్షరాలూ పై స్థాయిలో అంటే 'మంచి'. మొదటిది కింద, రెండోది పైన అయితే 'నాన్న'. రెండూ కిందైతే విసనకర్ర! రాసేటప్పుడు మాత్రం మూడూ ఒకటే. స్క్రీన్ మీద అక్షరాలు చూసి ఏం నేర్చుకుంటాం చెప్పండి?

ఇంకోటి పలకరింపు. పొద్దున 'మాచే' అంటే శుభోదయం అని యాప్ చెబుతుంది, బాగానే ఉంది. జవాబేంటి? ఎదుటివాళ్ల వరసను బట్టి మారుతుంది. తండ్రి వయసాయన పలకరిస్తే 'యా అజ్యా', తల్లి వయసావిడైతే 'యా ఎనా', మన ఈడువాడైతే 'యా నువా'. మన చిత్తూరువైపు "ఏంనా", "ఏంకా" అని వరస కలపకుండా మాట మొదలవుతుందా? వాళ్లకీ అంతే. థాంక్స్‌కి 'మెదాసే' అంటారు, మాటకి మాట చూస్తే 'నీ కింద పడుంటా' అన్నట్టు. 'దయచేసి'కి వాడేది ఇంకా బాగుంటుంది, 'నీకు నా టోపీ తీస్తున్నా' అని. (మన దగ్గర టోపీ పెట్టడం అంటే వేరే యవ్వారం.)

మరి నేను ఏం వాడుతున్నా? అమెరికా ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1963లో తెచ్చిన 'ట్వీ బేసిక్ కోర్స్'. ఆడియోతో సహా నెట్‌లో ఫ్రీ. సౌండ్ గరగరలాడుతుంది, పాఠాలు బోర్, కానీ మనుషుల గొంతు వినిపిస్తుంది. రాసిన మాటకి అర్థం చూసుకోవడానికి ఘనా వాళ్లే చేసిన 'ఖయా' యాప్ ఉంది. వీటికంటే బాగా పనిచేసింది వాట్సాప్ వాయిస్ నోట్. రూమ్‌మేట్‌తో పది వాక్యాలు చెప్పించుకుని, అలిపిరి నుంచి కాలేజీకి బస్సులో పోతూ వింటాను. 'ఎతె సెన్' అంటే ఎట్లున్నావ్. 'మె హొ యె' అంటే నేను బాగున్నా. 'నె హొ యె' అంటే వాడు బాగున్నాడు. ఆ రాత్రి నాకు కావాల్సింది ఈ ఆఖరి మూడు ముక్కలే.

తిరుపతి బస్టాండ్ దగ్గర టీ కొట్టు అన్న తమిళం, కన్నడం, హిందీ మూడూ లాగిస్తాడు. '30 రోజుల్లో తమిళం' పుస్తకం పక్క షాపులోనే అమ్ముతారు, ఆయన తెరిచి కూడా చూసుండడు. ధర, చిల్లర, ప్లాట్‌ఫాం నంబరు, "రెండు నిమిషాలు ఆగండి", ఇంతే ఆయన సిలబస్. రోజూ వందసార్లు విన్నాడు, వందసార్లు అన్నాడు.

కాబట్టి ట్రాన్స్‌లేషన్ ఫీచర్ కోసం 10 వేలు ఎక్కువ పెట్టి ఫోన్ కొనాలనుకునేవాళ్లకి నా సలహా: ముందు మీకు కావాల్సిన భాషకి గొంతు ఉందో లేదో, ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందో లేదో షాపులోనే చూడండి. రివ్యూ రాసే మనం కూడా భాషల అంకె పక్కన పెట్టి, సొంతూరి మాట ఒకటి అందులో వేసి చూడాలి. రూమ్‌మేట్ ఇప్పుడు నా దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాడు. వాడి యాప్ "మీరు ఎలా ఉన్నారు" అని నేర్పింది. మెస్‌లో వాడు అలా అడిగితే వంటామె కంగారుపడి, "ఎవురబ్బా ఈ ఆఫీసరు?" అంది. నేను "ఏంకా, బాగుండావా" అని వాయిస్ నోట్ పంపా. ఇప్పుడు వాడికి రెండో దోసె అడక్కుండానే పడుతోంది.