కలపకు కడివెడు నీళ్లెందుకు?

తిరుమలకు గడప కాబట్టే కడపకు ఆ పేరొచ్చిందంటారు. ఆ జిల్లాలో ఏ పాత ఇంటికెళ్లినా ముందు పలకరించేది గడపే. దాటి లోపలికెళ్తే చెక్క బీరువా, భోషాణం, పట్టెమంచం... ప్రొద్దుటూరు అంగళ్లలోనైతే గల్లాపెట్టె! పండగ దగ్గరపడగానే ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. సబ్బునీళ్లతో కడిగేసి, పైన ఓ పూత రంగు వేసేస్తే పనైపోయిందనుకుంటాం. నిజానికి పాత కలపను వయసుకన్నా ఈ హడావుడే ఎక్కువ పాడుచేస్తుంది.

తలుపు పట్టేస్తోందా?

గాలిలో తేమను పీల్చుకుంటే కలప ఉబ్బుతుంది. ఆరితే కుంచించుకుపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే జమ్మలమడుగు ఎండకి కుర్చీ కీళ్లు కిర్రుమనేదీ, అక్టోబరు వానలకి తలుపు పట్టేసేదీ అందుకే. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించారనుకోండి... వేసవికల్లా సందు పడుతుంది. వానలు తగ్గాక నెలా రెండు నెలలు ఆగి చూడండి. అప్పటికీ పట్టేస్తుంటే ముందు బందుల మేకులు బిగించి, ఆ తరవాతే చిత్రిక.

నీళ్లు నేలకే...

కడప బండలు పరిచిన ఇంట్లో నేల కడిగితే చల్లగా, హాయిగా ఉంటుంది. బండకేమీ కాదు. నీళ్లలో నిలబడ్డ మంచం కోళ్లు మాత్రం అడుగు నుంచి తడిని పైకి లాగేస్తాయి. అలా నానిన చెక్కంటే చెదలకి మరీ ఇష్టం. కడిగే ముందు సామాను పక్కకి జరపండి. వీలుకాకపోతే కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టండి. గడప మీదా చెంబుతో నీళ్లు పోయక్కర్లేదు, తడిగుడ్డతో తుడిచి పసుపు రాస్తే సరి.

సామానుకైతే ముందు మెత్తటి బ్రష్షుతో నగిషీల్లోని దుమ్ము దులపండి. మగ్గు నీళ్లలో ఒక చుక్క సబ్బుద్రవం వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. ఆ వెంటనే పొడిగుడ్డతో మరోసారి. ఏం చేసినా ముందు కనిపించని మూల ప్రయత్నించి చూడటం మంచిది.

ఏ నూనె?

పులివెందుల వైపు వేరుశనగ నూనెకి కొదవలేదు. అయినా కలపకి మాత్రం వద్దు. అది పూర్తిగా ఆరదు, దుమ్ము అంటుకుంటుంది, కొన్నాళ్లకి ముక్కవాసన వేస్తుంది. పాలిష్ లేని చెక్కకి రంగుల అంగట్లో దొరికే లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, పల్చగా రాసి పావుగంటయ్యాక మిగిలింది తుడిచేయండి. పాలిష్ ఉన్నదానికి తేనెమైనంతో చేసిన పాలిష్ కొంచెం చాలు.

ఒక్క జాగ్రత్త! అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయాలి.

పాత రంగుతో పదిలం

తలుపుకున్న పాత రంగు గీకించే ముందు కూడా ఆలోచించండి. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగుల్లో ఎక్కువే ఉండొచ్చు. చూసి చెప్పలేం. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే లేచే ఆ దుమ్ము పసిపిల్లల మెదడు ఎదుగుదలకి, గర్భిణులకి హానికరం. రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే అలాగే వదిలేయండి. తప్పదనుకుంటే పిల్లల్ని దూరంగా ఉంచి, తడిపి రుద్దించి, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తేయించండి.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. గోడకి ఆనించిన చెక్క బీరువాని బెత్తెడు ముందుకి జరిపి వెనక చూడండి. మట్టిగీతలుంటే చెదలు. సన్నటి రంధ్రాలుండి, కింద నల్లబండ మీద తెల్లటి పొడి కనిపిస్తే పుచ్చుపురుగు. ఆ పొడిని తుడిచేసి వారం తరవాత మళ్లీ చూడండి. కొత్తగా రాలితే పురుగు లోపల ఇంకా బతికే ఉందన్నమాట. పైపైన కిరోసిన్ పూస్తే దానికి తగలదు, నిప్పుకి మాత్రం భయపడాలి. మందు కొట్టేవాళ్లకి చూపించండి. ఏమీ లేదా? అయితే బీరువాని మళ్లీ గోడకి ఆనించకండి. ఆ బెత్తెడు సందు అలాగే ఉండనివ్వండి. గాలీ ఆడుతుంది, మీ కంటికీ కనిపిస్తుంది.