ఓడిపోకుండానే పోయిన బెల్ట్

2024 మే 19 తెల్లవారుజామున నేనూ నాన్నా ఫోన్ ముందు కూర్చున్నాం. రియాద్‌లో ఉసిక్, టైసన్ ఫ్యూరీ ఫైట్. స్ప్లిట్ డెసిషన్‌తో ఉసిక్ గెలిచాడు, నాలుగు బెల్టులూ ఒక్కడి దగ్గరికే వచ్చాయి. హెవీవెయిట్‌లో ఇలా అందరూ ఒప్పుకునే ఒకే ఛాంపియన్ రావడం 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఇదే మొదటిసారి అని చెప్పాను. "అంటే పాతికేళ్లుగా అసలు ఛాంపియన్ ఎవరో తెలీకుండానే చూస్తున్నారా?" అని నాన్న నవ్వారు.

సెప్టెంబర్‌లో ఫోన్ చేశారు. "ఏరా, డుబ్వా అనే కుర్రాడు జాషువాని నాకౌట్ చేశాడంట, అది వరల్డ్ టైటిల్ ఫైటంట. మన ఉసిక్ ఎప్పుడు ఓడిపోయాడు?"

"ఓడిపోలేదు నాన్నా."

"మరి వీళ్లు దేనికోసం కొట్టుకున్నారు?"

దానికి జవాబు చెప్పడానికి పావుగంట పట్టింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు పెద్ద సంస్థలున్నాయి. ఎవరి ర్యాంకింగ్స్ వాళ్లవి, ఎవరి బెల్ట్ వాళ్లది. మా సఖ్యత లేని గ్రూప్ ప్రాజెక్ట్‌లాగా, ఒకే ఫైల్‌కి నాలుగు కాపీలు, నలుగురూ తమదే ఫైనల్ అంటారు. ఐబీఎఫ్ తన నంబర్ వన్ ఛాలెంజర్‌తోనే ఆడమంది. ఉసిక్‌కి ఫ్యూరీతో రీమ్యాచ్ ఉంది. అందుకని ఆ బెల్ట్ వదిలేశాడు. ఫ్యూరీని కొట్టి నెలన్నర కూడా కాలేదు. ఐబీఎఫ్ ఆ బెల్ట్‌ని డుబ్వాకి ఇచ్చేసింది.

ఇది కొత్త రోగమేం కాదు. 1978లో లియాన్ స్పింక్స్ మొహమ్మద్ అలీని ఓడించాడు. కెన్ నార్టన్‌తో కాకుండా మళ్లీ అలీతోనే ఆడతానన్నందుకు డబ్ల్యూబీసీ స్పింక్స్ బెల్ట్ లాగేసి నార్టన్ చేతికిచ్చింది. నార్టన్ తన జీవితంలో ఒక్క వరల్డ్ టైటిల్ ఫైట్ కూడా గెలవలేదు, అయినా రికార్డుల్లో ఆయన వరల్డ్ ఛాంపియనే! 1992లో రిడిక్ బో అయితే డబ్ల్యూబీసీ బెల్ట్‌ని కెమెరాల ముందే చెత్తబుట్టలో పడేశాడు. అది తిక్క అనొచ్చు, నిజమే. కానీ లెనాక్స్ లూయిస్‌తో అతను ఆడాల్సిన ఫైట్ కూడా ఆ బుట్టలోకే పోయింది. వాళ్లిద్దరూ ప్రొఫెషనల్స్‌గా ఎప్పుడూ తలపడలేదు.

నా అసలు బాధ ఇదే. 17 వెయిట్ క్లాసులు, నాలుగు బెల్టులు, అంటే 68 మంది దాకా ఛాంపియన్లు ఉండొచ్చు. ఇంటరిమ్‌లు వేరే. కన్ఫ్యూజన్ అయితే గూగుల్ చేసుకుంటాం. కానీ ఎవడి బెల్ట్ వాడి దగ్గర ఉన్నప్పుడు ఇంకొకడితో రిస్క్ ఎందుకు? ఎర్రోల్ స్పెన్స్ వెల్టర్‌వెయిట్‌లో 2017లో ఛాంపియన్ అయ్యాడు, టెరెన్స్ క్రాఫర్డ్ 2018లో. ఇద్దరూ ఒకే బరువు, ఇద్దరూ ఓటమి తెలియనివాళ్లు. వాళ్ల ఫైట్ ఎప్పుడయింది? 2023 జులైలో. క్రాఫర్డ్ మూడుసార్లు కింద పడేసి తొమ్మిదో రౌండ్లో ముగించాడు. స్పెన్స్ అప్పటికే తన బెస్ట్ దాటిపోయాడని నా అనుమానం. ఐదేళ్లు ముందు ఆడి ఉంటే ఏమయ్యేదో ఇక ఎవరూ చెప్పలేరు. దీనికి తప్పంతా బెల్టులదే అనను, ప్రమోటర్లు, టీవీ డీల్స్ కూడా ఉన్నాయి. కానీ "నేనూ ఛాంపియన్‌నే కదా" అని కూర్చోడానికి కుర్చీ వేసింది మాత్రం బెల్టులే.

సంస్థలకి ఇది ఎందుకు కావాలో సింపుల్. ప్రతి టైటిల్ ఫైట్‌లో బాక్సర్ డబ్బులోంచి సుమారు 3 శాతం వాళ్లకి వెళ్తుంది. బెల్టులు ఎక్కువైతే ఫీజులూ ఎక్కువ.

బాక్సర్ వైపు నుంచి చూస్తే నేను కొంచెం తగ్గుతాను. పెద్ద ప్రమోటర్ లేనివాడికి బెల్ట్ అంటే మంచి డబ్బు వచ్చే ఒక రాత్రి. మన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయినప్పుడు లెక్క క్లియర్‌గా ఉంది: ఒకటే డ్రా, అందరినీ కొట్టి గోల్డ్ తెచ్చింది. ప్రొఫెషనల్‌లో డ్రా ఉండదు, పిలుపు రావాలి. బెల్ట్ ఉంటే ఆ పిలుపు వస్తుంది. అందుకే బాక్సర్లని తిట్టబుద్ధి కాదు.

2025 జులైలో ఉసిక్ డుబ్వాని ఐదో రౌండ్లో నాకౌట్ చేసి నాలుగు బెల్టులూ మళ్లీ తెచ్చుకున్నాడు. "ఇప్పుడైనా ఖాయమేనా?" అన్నారు నాన్న. ఖాయమే అన్నాను. నవంబర్‌లో అతను డబ్ల్యూబీవో బెల్ట్ వదిలేశాడు. ఆ సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.