శస్త్రము లేని చికిత్స

పురుషులలో 60 ఏండ్లు నిండునప్పటికి సుమారు సగముమందికి ప్రోస్టేటు గ్రంథి పెరుగుననియు, 80 దాటినవారిలో ఆ పెరుగుదల లేనివారు అరుదనియు వైద్యులెఱిగిన విషయమే. ఇది క్యాన్సరు కాదు. కాని మూత్రాశయపు కంఠమును చుట్టియుండు నీ గ్రంథి ఉబ్బినచో, చెఱువు నిండి తూము పూడినట్లగును. రాత్రి నాలుగైదుమార్లు లేచుట, ధార సన్నగిల్లుట, ఎంతసేపు నిలిచినను తీఱకపోవుట దీని లక్షణములు. మన పెద్దలు ఈ బాధను ఇంటివారికైనను చెప్పరు, ముసలితనమని సరిపెట్టుకొందురు. తుదకు కొందఱికి మూత్రము పూర్తిగా స్తంభించి, అర్ధరాత్రివేళ ఆసుపత్రికి పరుగిడవలసి వచ్చును.

ఇట్టివారికి, కత్తి తాకకయే ధ్వనితరంగములతో గ్రంథిని తగ్గింపవచ్చునను వార్త వీనులవిందుగా నుండుటలో వింత లేదు. అందలి నిజమెంతయో చూతము.

చెవికి వినబడని తరంగములను, భూతద్దముతో ఎండను ఒక్కచోటికి చేర్చినట్లు, గ్రంథిలోని యొక బిందువునకు చేర్చి ఆ భాగమును వేడిచే నశింపజేయుట మొదటి పద్ధతి. గత శతాబ్దపు తుది దశాబ్దమున వియన్నా వైద్యులు దీనిని ప్రయోగించిరి. మొదట గుణము కనబడెను. కాని 80 మందిలో 35 మందికి నాలుగేండ్లలోపల మామూలు శస్త్రచికిత్స చేయవలసివచ్చెనని వారే 2000 సంవత్సరమున ప్రకటించిరి. తమ చికిత్స కొఱతను తామే లెక్కలతో వెల్లడించిన యా వైద్యుల నిజాయితీ శ్లాఘ్యము.

రెండవది హిస్టోట్రిప్సీ, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున పుట్టినది. ఇందు వేడితో పని లేదు. మిక్కిలి తీవ్రమైన, క్షణికమైన తరంగములు కండలో సూక్ష్మమైన బుడగలను పుట్టించును. అవి ఉబ్బి చితుకునపుడు కణములును చితికి ద్రవమగును. కుక్కల గ్రంథులలో ఇది చక్కగా పనిచేసినది. 25 మంది పురుషులపై జరిపి 2018లో ప్రకటించిన పరీక్షలో మాత్రము, బాధ కొంత ఉపశమించినను గ్రంథి తఱుగలేదు. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ శాఖ ఈ విధానమునకు అనుమతి నిచ్చినది కాలేయపు గడ్డల కొఱకు, ప్రోస్టేటునకు గాదు. ఈ భేదమును మఱుగుపఱచి ప్రకటనలు చేయువారెవరైనను రోగిని వంచించుచున్నారనియే మా యభిప్రాయము.

మేము నూతన విధానములకు విరోధులము కాము. అయినను వాని రాకకై వేచియుండుట కొందఱి మూత్రపిండములకు చేటు తెచ్చును. టామ్సులోసిన్ మాత్రలు బిగిసిన కండరములను సడలించును. ఫినాస్టెరైడ్ నెలల తరబడి వాడినచో గ్రంథియే కొంత కుదియును. అవి చాలనిచో మూత్రమార్గము గుండ పరికరమును పంపి గ్రంథిని చెక్కివేయుదురు. ఇందు పొట్టపై కోతయే లేదు. ఈ సంగతి తెలియక శస్త్రమన్నంతనే బెదరువారెందఱో! పైగా చెక్కిన ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించి క్యాన్సరు దాగియున్నదేమో చూడవచ్చును. మాడ్చిన దానికిని ద్రవము చేసిన దానికిని అట్టి వీలు లేదు.

కావున ధ్వనిచికిత్స చేయుదుమను వైద్యశాలలు, ఎందఱికి చేసిరో, ఐదేండ్లలో వారిలో ఎందఱికి మరల శస్త్రము వలసెనో, రుసుము పుచ్చుకొనుటకు ముందే తెలుగున వ్రాతమూలకముగా రోగికి తెలుపవలెనని మేము కోరుచున్నాము.