ఓడెక్కే ముందు కార్డుకు తాళం

చెన్నైలోనో విశాఖలోనో ఓడ ఎక్కితే అండమాన్ చేరడానికి రెండు రోజులు దాటుతుంది. తీరం కనుమరుగైన కాసేపటికే సెల్‌ఫోన్ మూగబోతుంది. ఎటిఎం దొంగకు ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. రేవు దగ్గర హడావిడిగా డబ్బు తీసిన యంత్రంలో ఎవరైనా కార్డు వివరాలు కాజేసి ఉంటే, ఖాతా ఖాళీ అవుతోందని బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్ అవతలి తీరంలో దిగేటప్పుడు గానీ కంటపడదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఈ ఓడ ప్రయాణం వారికి కొత్తదేమీ కాదు.

దొంగల పద్ధతి పాతదే. కార్డు పెట్టే చోట అతికించిన పరికరం కార్డు వెనక నల్లపట్టీలోని సమాచారానికి నకలు తీస్తుంది. పైన దాచిన బుల్లి కెమెరా పిన్‌ను పట్టేస్తుంది. 2018 చివరికల్లా చిప్ కార్డులివ్వాలన్న రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో ఈ పని కష్టమైంది కానీ, నల్లపట్టీ ఇంకా పోలేదు. అందుకే కార్డు పెట్టే భాగాన్ని ఓసారి కదిపి చూడాలి, అంకెలు నొక్కే చేతిని రెండో చేత్తో కప్పుకోవాలి. ఇక ‘సాయం చేస్తా’నంటూ వెనకనుంచి వచ్చి కార్డు మార్చేసేవాడికి ఏ పరికరమూ అక్కర్లేదు.

అసలు చిక్కు గడువుతోనే. తన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసిన ఖాతాదారుకు నష్టం ఉండకూడదని 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. నాలుగు నుంచి ఏడు రోజులైతే మామూలు పొదుపు ఖాతాదారు గరిష్ఠంగా రూ. 10,000 భరించాలి. పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా అతని నెత్తినే. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం మాత్రం బ్యాంకుది. కౌంటర్ దగ్గర వాదించేటప్పుడు చాలామందికి గుర్తురానిది ఇదే. ఎస్సెమ్మెస్ పంపిన రోజునుంచే బ్యాంకు గడువు లెక్కిస్తే, నడిసముద్రంలో ఉన్నామనడానికి ఓడ టికెట్టే సాక్ష్యం. దాన్ని పారేయకూడదు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ద్వీపాల్లో నెట్‌వర్క్ మెరుగుపడింది, ఓడ మీద కాదు. అయితే అదే ఏడాది అక్టోబర్ నుంచి కార్డును ఖాతాదారే ఆపి, మళ్లీ తెరుచుకునే సదుపాయాన్ని బ్యాంకులు కల్పించాల్సి వచ్చింది. యాప్‌లో అర నిమిషం పని. లగేజీ ఎక్కించే ముందే కార్డు ఆపేస్తే, నకలు చేతిలో ఉన్నా దొంగకు నోటు రాలదు. దిగాక ఎస్సెమ్మెస్‌లు చూసుకోవాలి. తేడా కనిపిస్తే ముందు బ్యాంకుకు, వెంటనే 1930కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబర్ రాసుకోవాలి.